అయిదడుగుల బేరం

ఒకటో రోజు

ఈ పుస్తకాన్ని ఎవరూ చదవరు. ఆ సంగతి మొదటి పేజీలోనే రాసిపెట్టుకుంటే నాకు కాస్త మనశ్శాంతి.

సర్కారు పథకం షరతుల్లో పన్నెండోది ఇలా ఉంది: పరీక్షలో ఉన్న ప్రతి వీధి నుంచీ ఒక మనిషి తన చేత్తో రోజువారీ నమోదు రాయాలి. లెక్కలు కన్ను అనే యంత్రం చూసుకుంటుంది, తీర్పూ కన్నే చెబుతుంది, మధ్యలో నా రాత దేనికమ్మా అని ఆఫీసరు హిమజను అడిగాను. "మానవీయ కోణం ఉండాలి కదండీ" అంది తెరలోంచి నవ్వుతూ. ఆ కోణం ఎన్ని డిగ్రీలుండాలో మాత్రం చెప్పలేదు.

దొనమెట్ట పెద్దబజారులో అరవై నాలుగు కొట్లున్నాయి. షట్టరు లేచేవి తొమ్మిది. ఆ తొమ్మిదిమందిలో కలం పట్టడం మర్చిపోనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఈ పని నా నెత్తిన పడింది. నా పేరు మాలకొండయ్య. వయసు అరవై ఒకటి. స్టీలు సామాన్ల కొట్టు నాది, ముప్పై నాలుగేళ్ళుగా అదే బల్ల మీద కూర్చుంటున్నాను.

మాకిచ్చింది నలభై రోజులు. ఈ మండలం రోజుల్లో వీధి బతికే ఉందని చూపించాలి. చూపిస్తే ఇంకో పదేళ్ళు కరెంటూ నీళ్ళూ ఉంచుతారు. లేకపోతే షట్టర్లన్నీ పీకి, వీధి మొత్తాన్నీ ఇళ్ళకు సరుకు పంపే గూళ్ళకు గోదాం చేస్తారు. నా కొట్టు ఉన్నచోట బహుశా సబ్బులు పెడతారు.

మూడో రోజు

పొద్దున్నే ఊడ్చాను, నీళ్ళు చల్లాను, బిందెలన్నీ తుడిచి వరస పెట్టాను. సాయంత్రం వాటినే మళ్ళీ తుడిచాను. బోణీ కాలేదు.

ఎలా అవుతుంది? ప్రతి ఇంటి గోడలోనూ గూడుంది. ఉప్పు అయిపోకముందే ఉప్పు వచ్చి పడుతుంది. మన చెప్పు తెగబోతోందని మనకన్నా ముందు దానికి తెలుస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరూ ఎవరినీ "ఇదెంత?" అని అడిగిన పాపాన పోలేదు.

గుమ్మం పైన కన్ను బిగించి వెళ్ళారు, బొట్టుబిళ్ళంత ఉంది. లోపలికి వచ్చిన మనిషి చేతిలో సరుకుతో బయటికి వెళితే "తృప్తి" అని రాసుకుంటుంది. ఖాళీ చేతుల్తో వెళితే "నిరాశ" అని రాసుకుంటుంది. నూటికి ముప్పై నిరాశలు దాటాయంటే వీధి చచ్చినట్టే. మనుషులే రాకపోయినా చచ్చినట్టే.

ఎదురుగా మస్తాన్‌బీ కొట్టు. ఆమెదీ స్టీలు సామానే. మా ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. కారణం ఎవరికీ తెలియందేమీ కాదు కానీ, మానవీయ కోణం కాబట్టి రాస్తాను. బేరంలో గిరాకీ లేచి పోవడమనేది ఒకటుంటుంది. "నీకో దండం, నాకొద్దులే" అని లేచి అయిదడుగులు వేస్తారు. అక్కడ ఆగి కొంగు సర్దుకుంటారు, చెప్పు చూసుకుంటారు. అప్పుడు మనం పిలవాలి. ఆరో అడుగు పడిందంటే ఆ గిరాకీ పోయినట్టే. ఆ అయిదో అడుగుకీ ఆరో అడుగుకీ నడుమ, మస్తాన్‌బీ తన బల్ల మీంచి "ఇటు రామ్మా, నేనిస్తా" అని పిలిచేది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ముగ్గురు పెళ్ళివాళ్ళను అలా లాక్కుపోయింది. ఆ రోజు నుంచీ నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె పిలవడం మాత్రం మానలేదు.

ఎనిమిదో రోజు

వెంగమ్మ వచ్చింది. కొండకింద కాలనీలో ఉంటుంది, మేకలున్నాయి, నోరూ ఉంది. గూడు పంపిన బిందె మూతి ఇరుకుగా ఉందట. చేయి దూరడం లేదట.

"దానికి చెప్పి చెప్పి నోరు పడిపోయిందయ్యా. చెప్తే ఇంకోటి పంపిద్ది. అదీ అట్టాగే ఉంటది. తిడితే క్షమించండంటది. ఎదురు తిట్టకుండా క్షమించమంటే ఇంక దాంతో ఏం మాట్టాడేది?"

బిందె తీసి చూపించాను. నాలుగు వేలన్నాను. ఆవిడ రెండన్నది. నేను నవ్వాను. ఆవిడ లేచి పోయింది. పిలిచాను. మళ్ళీ కూర్చుంది. మూడున్నరన్నాను. బిందెని తిరగేసి మోగించి, ఇది రేకు కాదు కాగితం అన్నది. లేచి పోయింది. మొత్తం నాలుగుసార్లు పోయింది, నాలుగుసార్లు పిలిచాను, రెండువేల ఎనిమిదొందలకు తెగింది. గంటంబావు పట్టింది. నా గొంతు బొంగురుపోయింది. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోతోంది. బిందె చంకన పెట్టుకుని, "రేపు మా వాళ్ళని తోలుకొస్తా, సిద్ధంగా ఉండు" అని బెదిరించి వెళ్ళింది.

పన్నెండో రోజు

వీధి నిండిపోయింది! వెంగమ్మ పన్నెండుమందిని తెచ్చింది, వాళ్ళు తలా నలుగురిని తెచ్చారు. గాజుల కొట్లో, బట్టల కొట్లో, చివరికి తాళంచెవులు చేసే కొట్లో కూడా అరుపులే. వీళ్ళకు సరుకు అక్కర్లేదు, సరుకు గూళ్ళో పడుతూనే ఉంది. ఎనిమిదేళ్ళుగా ఎవరితోనూ ధర దగ్గర దెబ్బలాడలేదు. దానికి మొహం వాచిపోయి ఉన్నారు. ఒకావిడ మూడొందల గరిటె కోసం ముప్పావుగంట నాతో పోట్లాడి, కొన్నాక నా పిల్లల యోగక్షేమాలు అడిగింది.

నాకు ఆనందంగా ఉంది. రాస్తున్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పదిహేనో రోజు

మొదటి నివేదిక వచ్చింది. నిరాశ: నూటికి డెబ్భై ఒకటి.

మూడుసార్లు చదివాను. తెర చెడిపోయిందనుకుని పక్క కొట్టువాళ్ళ తెరలో చదివాను. అక్కడా డెబ్భై ఒకటే. మనుషులు కాలు పెట్టడానికి చోటు లేని వీధిలో డెబ్భై ఒకటి!

సాయంత్రానికి అర్థమైంది, అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. వెంగమ్మ బిందె కొన్న రోజున కన్ను ఏం రాసుకుందో చూశాను. నాలుగు నిరాశలు, ఒక తృప్తి. ఆవిడ లేచి పోయిన ప్రతిసారీ, ఖాళీ చేతుల్తో పోయింది, సరుకు నచ్చలేదు, అని రాసుకుంది.

హిమజకు ఫోను చేశాను.

"అమ్మా, అది పోవడం కాదు. బేరం."

"కానీ ఆవిడ గుమ్మం దాటి బయటికి వెళ్ళారు కదండీ?"

"వెళ్ళింది, పిలిస్తే వచ్చింది."

"వెళ్ళిపోయిన మనిషిని వెళ్ళిపోయినట్టే కదండీ రాస్తాం? కన్ను గూళ్ళ నుంచి నేర్చుకుందండీ. గూటి ముందు నుంచి ఎవరూ అలా ఊరికే వెళ్ళిపోరు."

"గూటిని వదిలేసి పోతే అది పిలవదు కాబట్టి పోరమ్మా!"

ఆ పిల్ల రాసుకున్నానంది. పై వాళ్ళకు పంపిస్తానంది. పై వాళ్ళెవరని అడిగితే, అదీ కన్నేనంది. చివరి పది రోజుల సగటే లెక్కలోకి వస్తుంది, ఇంకా సమయం ఉంది, కంగారు పడకండి అని ఓదార్చింది. కంగారు పడకేం చేస్తాను?

పదిహేడో రోజు

ఎనిమిది కొట్లవాళ్ళనూ కూర్చోబెట్టి నేనే చెప్పాను. అంటే ఏడుగురికి నేను చెప్పాను, ఎనిమిదో మనిషి మస్తాన్‌బీకి గాజులవాళ్ళ చేత చెప్పించాను. ఈ పూట నుంచి బేరాల్లేవు, ఒకే ధర, ప్రతి వస్తువుకూ చీటీ అంటించండి, నచ్చితే కొంటారు, నచ్చకపోతే లోపలికే రారు, నిరాశ అనేదే ఉండదు. అందరూ తలలూపారు. అంత తెలివైన ఆలోచన నాకెలా వచ్చిందా అని నేను కూడా మురిసిపోయాను.

ఇరవయ్యో రోజు

నిరాశ: సున్నా. మనుషులు: సున్నా.

ఇరవై ఒకటో రోజు

వెంగమ్మ గుమ్మం బయటే నిలబడి నన్ను కడిగేసింది.

"చీటీలేందయ్యా? నీకు నోరు పడిపోయిందా? నడుచుకుంటా రెండు మైళ్ళొచ్చేది నీ చీటీ చదవడానికా? గూడుతో మాట్టాడినట్టే ఉంది నీతో. గూడే నయం, ఇంటికాడుంటది."

నా కష్టం చెప్పుకున్నాను. కన్ను చూపించాను, డెబ్భై ఒకటి చూపించాను. ఆవిడ తల పైకెత్తి కన్ను వంక చాలాసేపు చూసింది.

"నేనెక్కడికి పోయాను? నీ కొట్టు ముందరే ఉండా గదా. పోయేదాన్నయితే పోనా? దానికి ఆ మాత్రం తెలవదా?"

తెలియదమ్మా అన్నాను. చీటీలన్నీ పీకేశాను. ఎటూ చావే అయినప్పుడు నోరు కట్టుకుని చావడం దేనికి?

ఇరవై మూడో రోజు

మధ్యాహ్నం నుంచి వాన. మస్తాన్‌బీ తన సామాను తడవకుండా నీలం టార్పాలిన్ బరకం కట్టింది. ఒక అంచు ఆమె కొట్టుకి, రెండో అంచు తెచ్చి నా స్తంభానికి కట్టేసింది, నన్ను అడక్కుండానే. ఆమెతో మాటల్లేవు కాబట్టి వద్దనడానికీ వీల్లేకపోయింది. మూతి బిగించుకుని కూర్చున్నాను.

వెంగమ్మ, ఇంకో అయిదుగురు వానలో చిక్కుకుని ఆ బరకం కింద నిలబడిపోయారు. ఊరికే నిలబడటమెందుకని బేరాలు మొదలుపెట్టారు. నా దగ్గర లేచి పోయినవాళ్ళను మస్తాన్‌బీ పిలిచింది. ఆమె దగ్గర లేచినవాళ్ళను, నా ఒళ్ళు మండి, నేను పిలిచాను. వాన ఆగేదాకా ఇదే గోల.

ఇరవై నాలుగో రోజు

నిన్నటి లెక్క వచ్చింది. మా రెండు కొట్లలో నిరాశ ఒక్కటి కూడా లేదు. ఇరవైసార్లకు పైగా లేచి పోయారు, నా కళ్ళతో చూశాను. ఒక్కటీ రాయలేదు!

హిమజను పట్టుకున్నాను. ఆ పిల్ల నిబంధనలు వెతికి వెతికి చెప్పింది. "కొట్టు అంటే కన్ను లెక్కలో నీడండీ. గోడలు కాదు. కప్పు నీడ ఎంతవరకూ పడితే అంతవరకూ కొట్టే. నిన్న ఆ బరకం మీ రెండింటినీ కలిపేసింది. వాళ్ళు అసలు కొట్టు దాటి బయటికి వెళ్ళలేదు."

ఫోను పెట్టేసి గట్టిగా నవ్వాను. ఎదురుగా మస్తాన్‌బీ నాకు మతి పోయిందేమోనని చూసింది.

ఇరవై తొమ్మిదో రోజు

అయిదు రోజుల చాకిరీ. వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా కప్పేశాం. బరకాలు, పాత పందిరి గుడ్డలు, వెంగమ్మ మేకల పాక మీది పరదా, బట్టల కొట్టాయన ఇరవై ఏళ్ళుగా అమ్ముడుపోని దుప్పట్లు. మూసిన కొట్ల షట్టర్ల పైన కూడా కొక్కేలు దిగ్గొట్టాం. తాడు లాగడంలో నా నడుం పట్టేసింది. తలెత్తి చూస్తే వీధంతా రంగురంగుల అతుకులు. ఇంత వికారమైన పందిరి నేనెప్పుడూ చూడలేదు. అయినా సాయంత్రం దాకా దాని కిందే తిరిగాను.

ముప్పై మూడో రోజు

నిరాశ: నూటికి తొమ్మిది. జనం వస్తున్నారు. అయిదడుగులు వేసి ఆగుతున్నారు. మూసిన కొట్లలో నాలుగు షట్టర్లు లేచాయి, ఒకాయన ఒంగోలు నుంచి వచ్చి టీ కొట్టు పెట్టాడు. గూటి టీ ఎప్పుడూ ఒకేలా ఉంటుందట. ఈయన టీ రోజుకో రకంగా ఏడుస్తోంది, జనం దాన్ని తిట్టుకుంటూ తాగుతున్నారు.

ముప్పై ఆరో రోజు

ఉత్తరం వచ్చింది. మంచి జరిగినప్పుడు ఉత్తరం రాకూడదు.

వీధి మొత్తం ఒకే నీడలో ఉన్నందున, నిబంధనల ప్రకారం ఇది ఒకే కొట్టు. ఒకే కొట్లో ఒకే రకం సరుకుకు రెండు బల్లలు ఉండరాదు. స్టీలు సామానుకు రెండున్నాయి. ముప్పై తొమ్మిదో రోజులోగా ఒకదాన్ని జాబితా నుంచి కొట్టివేయాలి. లేనిచో పందిరి తొలగించబడును. ఏ బల్లను కొట్టివేయాలో నమోదుదారు తన చేత్తో రాసి పంపవలెను.

నమోదుదారంటే నేనే. ఇన్నాళ్ళకు నా రాత ఒకరు చదవబోతున్నారు.

హిమజ గొంతు ఈసారి నీరసంగా ఉంది. "నేను చాలా వాదించానండీ" అంది. వాదించే ఉంటుంది. కానీ కన్నుతో బేరం కుదరదు.

ముప్పై ఎనిమిదో రోజు

మస్తాన్‌బీ వీధి దాటి నా కొట్టుకి వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత.

"కొండయ్యన్నా, ఉత్తరం సంగతి తెలిసిందిలే" అంది.

"ఊఁ."

"కలం నీ చేతిలో ఉండాది. నా పేరే రాస్తావు. రాసుకో. నేను ఏడ్చేదేం లేదు. నా సామాను ఎవురికన్నా ఇచ్చేస్తా, కూతురు దగ్గిరికి కందుకూరు పోతా. ఆ మాట చెప్పి పోదామనే వచ్చా."

"ఎవరు చెప్పారు నీ పేరు రాస్తానని?"

"నేనయితే నీ పేరే రాస్తా, అన్నా. అందుకే చెప్తన్నా."

అని వెళ్ళిపోయింది. అయిదో అడుగు దగ్గర ఆగలేదు.

ముప్పై తొమ్మిదో రోజు

నేను మంచివాణ్ణని ఎవరైనా అనుకుంటారేమోనని ఇది రాస్తున్నాను. పొద్దున కాగితం మీద ముందు ఆమె పేరే రాశాను. అందంగా కూడా రాశాను. టీ తాగి వచ్చి చూసుకున్నాను.

పదకొండేళ్ళు ఆమెను తిట్టుకున్నాను, నా గిరాకీని లాక్కుందని. ఆమె లాక్కున్నది నోటితో, అందరి ముందూ, నేను వింటుండగా. నేను ఇప్పుడు లాక్కునేది కాగితంతో. ఇక ఆమెను తిట్టడానికి నాకు నోరెక్కడిది? తిట్టకుండా ఆ బల్ల మీద ఎలా కూర్చోను? పైగా వీధిని నిలబెట్టిన మొదటి బరకం ఆమెది. ఆ సంగతి తలుచుకున్నకొద్దీ ఆమె మీద ఇంకా కోపం వచ్చింది.

ఆమె పేరు కొట్టేశాను. నా పేరు రాశాను. అక్షరాలు అంత బాగా రాలేదు. పంపించేశాను.

ముప్పై నాలుగేళ్ళ కొట్టండీ. ఇక్కడ ఏడుపొచ్చిందని రాస్తున్నాను. ఇదే మీ కోణం.

నలభయ్యో రోజు

నిరాశ: నూటికి పదకొండు. వీధి నెగ్గింది. పదేళ్ళు. అందరూ నన్ను కావలించుకున్నారు. మస్తాన్‌బీ తన బల్ల మీంచి లేవలేదు. నా గుమ్మం మీది కన్ను మధ్యాహ్నం ఆరిపోయింది.

నలభై ఒకటో రోజు

రాయాల్సిన పని లేదు. అలవాటై రాస్తున్నాను.

సామాను సర్దుదామని షట్టరు ఎత్తాను. పది గంటలకు వెంగమ్మ వచ్చింది, కోడలికి పెద్ద బిందె కావాలంది.

"నేను అమ్మకూడదమ్మా. ఎదురు కొట్టుకి పో" అన్నాను.

ఆవిడ ఓరగా చూసింది. "ఓహో. ఇదొక రకమా? రెండున్నర వేలిస్తా."

"బేరం కాదమ్మా, నిజంగానే. నా బల్ల కొట్టేశారు."

"మూడు."

"అమ్మా..."

"ఎన్నడన్నా నేను పెంచడం చూశావా? మూడున్నర! ఇంకేం కావాలయ్యా నీకు?"

అవసరమైతే కన్నుకైనా చెప్పి ఒప్పించవచ్చు కానీ వెంగమ్మకు చెప్పలేం. "నీకో దండం, నాకొద్దులే" అని లేచింది. అయిదడుగులు వేసింది. ఆగి కొంగు సర్దుకోసాగింది.

నేను పిలవకూడదు. ఎదురుగా మస్తాన్‌బీ నిలబడి చూస్తోంది. పిలవాల్సిన మనిషి ఇప్పుడు ఆమే. ఆమె పిలవడం లేదు. వెంగమ్మ కొంగు సర్దుకోవడం అయిపోయింది, చెప్పు కూడా చూసుకుంది. ఇంకో అడుగు పడితే గిరాకీ పోతుంది.

"పిలువు!" అని అరిచాను మస్తాన్‌బీ మీద. "నోరు పడిపోయిందా? నీ గిరాకీ అది, పిలువు!"

"నాకు పిలిచేది రావడంలేదన్నా" అని ఆమె అంతకన్నా గట్టిగా అరిచింది. "నీ నోటికాడి గిరాకీని నేనెట్టా పిలిచేది? ఇటొచ్చి నువ్వే పిలువు. ఈ బల్ల మీంచి పిలిస్తే ఎవురు కాదంటారు?"

వీధి దాటాను. ఒళ్ళుమంటతోనే దాటాను. ఆమె బల్ల నాకు ఎత్తు చాలలేదు, బిందెల వరస కూడా తప్పుగా పెట్టుకుంది. చేతికందిన పెద్ద బిందెను పైకెత్తి, "వెంగమ్మా, రామ్మా, ఇచ్చేస్తాలే!" అని కేకేశాను.

వెంగమ్మ వెనక్కి తిరగలేదు. ఉన్నచోటే ఉండి, "ఎంతకీ?" అంది.

ఆ కొట్లో ధరలు నాకు తెలియవు. మస్తాన్‌బీ వైపు చూశాను.